షూతో వచ్చిన టైమింగ్ ఎవరిది? కుర్ర రన్నర్లు, తల్లిదండ్రులు, పీఈటీలు తరచుగా అడిగే ప్రశ్నలు

జిల్లా మీట్లు దగ్గరపడితే విజయవాడ, గుంటూరు గ్రౌండ్లలో మోకాళ్ళ గురించి, తిండి గురించి ఎంత మాట్లాడుకుంటారో "సూపర్ షూ" అనే కొత్త రకం షూ గురించీ అంతే మాట్లాడుకుంటున్నారు. "వాడు కొట్టలేదండీ, వాడి షూ కొట్టింది" అన్న మాట గెలిచిన పిల్లాడి చెవిన పడేలాగే అంటున్నారు. 800 మీటర్లు, అంతకు పై దూరాలు పరుగెత్తే పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళ లోపు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాం.

సూపర్ షూ అంటే అసలేమిటి? మామూలు రన్నింగ్ షూకీ దానికీ తేడా ఎక్కడ?

తేడా ప్రధానంగా మిడ్‌సోల్‌లో, అంటే పాదానికీ అడుగు రబ్బరుకీ మధ్య ఉండే మెత్తటి పొరలో ఉంటుంది. మామూలు షూలో అది ఈవీఏ అనే ఫోమ్. సూపర్ షూలో పెబా అనే తేలికైన, బాగా సాగి తిరిగి లేచే ఫోమ్ వాడతారు. అడుగు పడ్డప్పుడు ఫోమ్ నొక్కుకుంటుంది, పాదం లేచేటప్పుడు తిరిగి విచ్చుకుంటుంది. నొక్కడానికి మీరు పెట్టిన శక్తిలో ఎంత వెనక్కి వస్తుందన్నదే అసలు లెక్క. 2017లో నైకీ వేపర్‌ఫ్లై వచ్చినప్పుడు అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ళు దాన్ని ప్రయోగశాలలో కొలిచారు. వేపర్‌ఫ్లై ఫోమ్ సుమారు 87 శాతం వెనక్కి ఇచ్చింది. అదే పరీక్షలో ఈవీఏ ఫోమ్ ఉన్న రేసు షూ 66 శాతం దగ్గరే ఆగింది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. షూ శక్తిని పుట్టించదు, మీరు పెట్టినదానిలో వృథాను తగ్గిస్తుంది, అంతే. వంద పెట్టినవాడికి ఎనభై ఏడు తిరిగొస్తాయి. ఆ వంద పెట్టాల్సింది కాళ్ళే.

మరి ఆ ఫోమ్ మధ్యలో పెట్టే గట్టి రేకు, కార్బన్ ప్లేట్? పేరు మోసింది ప్లేటే కానీ పనిలో పెద్ద వాటా ఫోమ్‌ది. వేపర్‌ఫ్లైలో ప్లేటును అడ్డంగా కోసేసి మళ్ళీ పరుగెత్తించి చూశారు. శక్తి ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మెత్తటి ఎత్తైన ఫోమ్ అటూ ఇటూ ఒరగకుండా పట్టి ఉంచడం, కాలివేళ్ళ దగ్గర షూ మరీ వంగకుండా చూడటం ప్లేటు చేసే పని. ఈ సంగతి కొనేటప్పుడు గుర్తుండాలి. నాలుగైదు వేలకు దొరికే "కార్బన్ షూ"లో ప్లేటు ఉన్నా కింద మామూలు ఈవీఏ ఉంటే మీరు గట్టి షూ కొన్నారే తప్ప వేగమైన షూ కొనలేదు.

ఎంత లాభం వస్తుంది? నాలుగు శాతం అంటున్నారు కదా.

ఆ నాలుగు శాతం ఆక్సిజన్ ఖర్చులో ఆదా. టైమింగ్‌లో కాదు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు పెరుగుతుంది కాబట్టి వేగంగా పరుగెత్తేవాళ్ళకు నాలుగు శాతం ఆదా అంటే వేగంలో సుమారు రెండున్నర, మూడు శాతమే. పైగా ఆ కొలతలు గంటకు 14 నుంచి 18 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తేవాళ్ళ మీద తీసినవి. గంటకు 12 కిలోమీటర్ల దగ్గర కొలిస్తే సగటున 1.4 శాతం, 10 కిలోమీటర్ల దగ్గర 0.9 శాతం వచ్చింది. కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు పెద్దగా ఒరిగేది లేదు.

ఇంకొక విషయం. అందరి కాళ్ళకూ ఒకేలా పనిచేయదు. కెన్యా అగ్రశ్రేణి రన్నర్లనే పరీక్షించినప్పుడు కొందరికి పది శాతం దాటి లాభం కనిపించింది, కొందరికి దాదాపు అంతే నష్టం కనిపించింది. సగటును చూసి మీ అబ్బాయి కాళ్ళ గురించి తీర్పు చెప్పలేం.

ట్రాక్ మీద వాడే, అడుగున మేకులుండే సూపర్ స్పైక్స్‌లో ఫోమ్ పలచన. అక్కడ ఆదా సుమారు రెండు శాతం. టైమింగ్‌లో ఒకటి, ఒకటిన్నర శాతంగా లెక్కేసుకోండి. 1500 మీటర్లు 4 నిమిషాల 10 సెకన్లలో కొట్టేవాడికి రెండున్నర నుంచి నాలుగు సెకన్లు. 3000 మీటర్లు 10 నిమిషాల్లో కొట్టే అమ్మాయికి ఆరు నుంచి తొమ్మిది సెకన్లు. పతకానికీ నాలుగో స్థానానికీ మధ్య ఉండేది ఇంతకంటే తక్కువే. అందుకే ఈ గొడవ.

అయితే సూటిగా చెప్పండి: సూపర్ షూ వేసుకుని కొట్టిన టైమింగ్‌కి విలువ తగ్గుతుందా?

పరుగెత్తిన పిల్లవాడి విలువ తగ్గదు. ఆ అంకెను పాత అంకెల పక్కన పెట్టి పోల్చే హక్కు మాత్రం తగ్గుతుంది. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే మాటలు ముదురుతున్నాయి.

శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో మారథాన్‌ను 2:12:00లో ముగించారు. అది నాలుగు దశాబ్దాలకు పైగా జాతీయ రికార్డుగా నిలిచింది. సూపర్ షూ 2017లోనే మార్కెట్‌లోకి వచ్చింది. మన అగ్రశ్రేణి రన్నర్లంతా అవి తొడుక్కున్నాక కూడా ఏళ్ళ తరబడి ఆ అంకె కదల్లేదు. షూయే పరుగెత్తేదైతే అది 2018లోనే పోయి ఉండాలి. ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఒట్టికాళ్ళతో 2:15:16కి గెలిచాడు, 1964 టోక్యోలో షూ వేసుకుని 2:12:11కి గెలిచాడు. ఆ మూడు నిమిషాలనూ షూ ఖాతాలో రాసినవాళ్ళు ఎవరూ లేరు.

అమెరికా హైస్కూలు పిల్లల లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది. మైలును నాలుగు నిమిషాల్లోపు పరుగెత్తిన మొదటి హైస్కూలు కుర్రాడు జిమ్ ర్యున్, 1964లో. అప్పటి నుంచి 2011 దాకా మొత్తం ఐదుగురే. 2022 తర్వాత ఆ జాబితా చకచకా పెరిగిపోవడంతో "ఇదంతా స్పైక్స్ మహిమ" అన్నారు. కానీ 2015 నుంచి 2017 మధ్య మూడేళ్ళలోనే మరో ఐదుగురు ఆ గీత దాటారు. సూపర్ స్పైక్స్ మార్కెట్‌లోకి వచ్చింది 2020లో. అంటే షూ రాకముందే ఏదో మారింది: శిక్షణ మెరుగైంది, పిల్లలు ఒకరినొకరు ఆన్‌లైన్‌లో చూసుకుంటున్నారు, మంచి పోటీ ఉన్న రేసులు పెరిగాయి. షూ ఆ మార్పును ఇంకా ముందుకు నెట్టింది. మొత్తం ఘనతను షూకి కట్టబెట్టినా తప్పే, షూ పాత్ర లేదన్నా తప్పే.

మరి పాత రికార్డులతో ఎలా పోల్చాలి?

అంకెతో అంకెను పోల్చకండి. ఆ ఏడాది, ఆ రేసులో, అదే వయసువాళ్ళలో ఎన్నో స్థానం, రెండో మనిషికి ఎంత దూరంలో ఉన్నారు అన్నది చూడండి. ఈ సమస్య షూతో మొదలవలేదు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌తో సింథటిక్ ట్రాక్ వచ్చింది. అంతకుముందు బూడిద, బొగ్గుపొడి ట్రాక్‌ల మీద పరుగెత్తినవాళ్ళ అంకెలు ఆ రోజు నుంచే వేరే లెక్క అయిపోయాయి. 2020లో ఉగాండా రన్నర్ జాషువా చెప్టెగే ప్రపంచ రికార్డులను 5000 మీటర్లలో 12:35.36కి, 10,000 మీటర్లలో 26:11.00కి తెచ్చినప్పుడు కాళ్ళకు కొత్త స్పైక్స్, ట్రాక్ అంచున వేగం చూపించే దీపాలు రెండూ ఉన్నాయి. దేని వాటా ఎంతో విడదీయడం కష్టం.

ఆడవాళ్ళ రికార్డులకు ఇంకాస్త జాగ్రత్త కావాలి. పది కిలోమీటర్ల నుంచి మారథాన్ దాకా రోడ్డు రేసుల్లో సూపర్ షూ వచ్చిన తొలి ఏళ్ళలో ప్రపంచ స్థాయి మహిళల టైమింగులు సుమారు 1.7 నుంచి 2.3 శాతం మెరుగుపడ్డాయి. పురుషులవి 0.6 నుంచి 1.5 శాతం. కాబట్టి 1990ల నాటి అమ్మాయి రికార్డును ఇప్పటి అమ్మాయి నాలుగు సెకన్ల తేడాతో బద్దలు కొట్టిందంటే చప్పట్లు కొట్టండి, కానీ పాతావిడను తక్కువ చేసి మాట్లాడకండి.

మావాడి టైమింగ్‌లో షూ వాటా ఎంతో లెక్క కట్టవచ్చా?

కచ్చితంగా కాదు కానీ దగ్గరగా చెప్పవచ్చు. ఉదాహరణకు ఒక కుర్రాడు పోయినేడు మట్టి గ్రౌండ్‌లో మామూలు షూతో 3000 మీటర్లు 10:02కి కొట్టాడనుకుందాం. ఈ ఏడు సింథటిక్ ట్రాక్ మీద సూపర్ స్పైక్స్‌తో 9:31. తేడా 31 సెకన్లు, అంటే ఐదు శాతం చిల్లర.

ముందు స్పైక్స్ వాటా: ఒకటి, ఒకటిన్నర శాతం చొప్పున ఆరు నుంచి తొమ్మిది సెకన్లు. తర్వాత బరువు: పాదానికి 100 గ్రాములు తగ్గితే శక్తి ఖర్చు సుమారు ఒక శాతం తగ్గుతుంది. పాత షూ 300 గ్రాములు ఉండి స్పైక్స్ 150 అయితే ఇంకో ఐదు నుంచి ఏడు సెకన్లు. అయితే ఇది ఏ మామూలు స్పైక్స్‌తోనైనా వచ్చేదే, కొత్త ఫోమ్ గొప్పేమీ కాదు. మట్టి నుంచి సింథటిక్‌కి మారినందుకు కొన్ని సెకన్లు తీయండి. ఇన్ని తీసినా కనీసం పది సెకన్లు మిగులుతాయి. అవి వాడివి. ఏడాదిలో పది సెకన్లు అంటే 3000లో మంచి ఎదుగుదల. ఈ లెక్క వాడి ముందే కూర్చుని వేయండి. "షూ కొట్టింది" అన్న మాటకు వాడి దగ్గర జవాబు ఉంటుంది.

ఈ షూ నాకు పనిచేస్తోందో లేదో ఇంటి దగ్గర తెలుసుకునే దారి ఉందా?

ఉంది. గుండె వేగం చూపించే వాచీ, ట్రాక్ లేదా చదునైన నున్నటి రోడ్డు, ఒక తెల్లవారుజాము చాలు. పొద్దున ఐదింటికి మొదలుపెట్టండి. ఏడు దాటితే ఎండ వల్ల గుండె వేగం దానంతటదే పెరిగి లెక్క చెడుతుంది.

పదిహేను నిమిషాలు వార్మప్ చేయండి. తర్వాత ఒక్కొక్కటి 1600 మీటర్ల చొప్పున నాలుగు పరుగులు: మొదటిది పాత షూతో, రెండు, మూడు కొత్త షూతో, నాలుగోది మళ్ళీ పాత షూతో. నాలుగింట్లోనూ గుండె వేగం ఒకేలా ఉంచాలి, ఉదాహరణకు 165 దగ్గర. మధ్యలో మూడు, నాలుగు నిమిషాల విరామం. షూ మార్చుకున్నా మార్చుకోకపోయినా విరామం అంతే ఉండాలి. చివర్లో పాత షూ రెండు టైమింగుల సగటు, కొత్త షూ రెండింటి సగటు పక్కపక్కన పెట్టండి. మొదట రెండూ పాత షూతో, తర్వాత రెండూ కొత్తదానితో పరుగెత్తితే అలసట ప్రభావం అంతా కొత్త షూ మీద పడుతుంది. ఈ వరుస అందుకే.

వారం ఆగి షూ వరుస తిరగేసి మళ్ళీ చేయండి. రెండుసార్లూ ఒకే వైపు మొగ్గితే నమ్మవచ్చు. తేడా మూడు సెకన్ల లోపే ఉంటే దాన్ని తేడాగా లెక్కపెట్టకండి. పరుగెత్తేవాడికి టైమింగులు చివరి దాకా చెప్పకపోవడం మంచిది. ఖరీదైన షూ వేసుకున్నానన్న నమ్మకం కూడా కాస్త పరుగెత్తిస్తుంది.

పక్క లేన్ పిల్లాడికి ఇరవై వేల షూ, మా పిల్లాడికి ఒట్టికాళ్ళు. ఇది న్యాయమేనా?

కాదు. ఈ మొత్తం చర్చలో మేము నిజంగా బాధపడే చోటు ఇదే. ఒలింపిక్స్‌లో అందరికీ అలాంటి షూ ఉంది, కాబట్టి అక్కడ షూ ఎవరికీ అదనంగా ఇచ్చేదేమీ లేదు. అసమానత ఉన్నది మండల, జిల్లా మీట్లలో. గుర్తింపు పొందిన బ్రాండ్ల కార్బన్ షూ పది, పన్నెండు వేల నుంచి పాతిక వేల దాకా పలుకుతుంది. అదే మీట్‌లో సగంమంది పిల్లలు కాన్వాస్ షూతోనో, అసలేమీ లేకుండానో వస్తారు. సెలక్షన్ రెండు సెకన్ల తేడాతో తేలిపోతుంది.

ఒట్టికాళ్ళతో పరుగెత్తడం నిబంధనలకు విరుద్ధం కాదు. ప్రపంచ అథ్లెటిక్స్ (వరల్డ్ అథ్లెటిక్స్ సంస్థ) నియమాల్లో రెండు కాళ్ళకూ షూ లేకుండా, లేదా ఒక కాలికే షూతో పాల్గొనవచ్చని స్పష్టంగా ఉంది. ఎవరైనా ఆపితే పీఈటీ సారు ఈ మాట చెప్పాలి. కాకపోతే ఎండాకాలంలో పొద్దున తొమ్మిది దాటాక సింథటిక్ ట్రాక్ అరికాళ్ళను బొబ్బలెక్కిస్తుంది.

స్కూలు చేయగలిగింది ఒకటుంది. మామూలు మిడిల్ డిస్టెన్స్ స్పైక్స్ రెండు వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతాయి. 5 నుంచి 9 దాకా సైజుకొక జత కొని స్కూలు పేరు మీద ఉంచండి. ఐదు జతలు, పది పన్నెండు వేలు, అంటే ఒక్క కార్బన్ జత ధర. హీట్స్‌కి ఒకరు, ఫైనల్‌కి ఇంకొకరు తొడుక్కోవచ్చు. ఎవరి సాక్స్ వాళ్ళవే ఉండాలి. వాడిన జతను లోపల పాత పేపరు కుక్కి నీడలో ఆరబెట్టాలి, లేకపోతే కాలివేళ్ళ మధ్య ఫంగస్ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. కాన్వాస్ షూ పిల్లాడికి బరువు తగ్గుతుంది, ఒట్టికాళ్ళ పిల్లాడికి పట్టు దొరుకుతుంది. దాంతో కార్బన్ పిల్లాడితో ఉన్న దూరం కొంతవరకు తగ్గుతుంది.

నిబంధనలు ఏం చెబుతున్నాయి? మా షూ చెల్లుతుందా?

ప్రపంచ అథ్లెటిక్స్ 2020 జనవరి 31న మొదటి హద్దు గీసింది: రోడ్డు రేసుల్లో సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు, ఒక షూలో ఒకటి కంటే ఎక్కువ గట్టి ప్లేటు ఉండకూడదు. ట్రాక్ మీద 800, ఆ పైన దూరాలకు కొన్నేళ్ళు 25 మి.మీ. దాకా అనుమతించారు. 2024 నవంబర్ 1 నుంచి ట్రాక్ పోటీలన్నిటికీ 20 మి.మీ. మాత్రమే. ఇక్కడే చాలామంది దొరికిపోతారు. 2021, 2022లో కొన్న కొన్ని దూరపు పరుగుల స్పైక్స్ అప్పుడు చెల్లేవి, ఇప్పుడు చెల్లవు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తున్నాయంటే అది కూడా ఒక కారణం కావచ్చు. రోడ్డు రేసు షూ వేసుకుని 3000 మీటర్ల ట్రాక్ రేసులో దిగడం కూడా అందుకే కుదరదు.

స్పైక్ మేకులు షూకి 11 మించకూడదు. సింథటిక్ ట్రాక్ మీద దూరపు పరుగులకు మేకు పొడవు 9 మి.మీ. మించకూడదు. మట్టి గ్రౌండ్‌లో 25 మి.మీ. దాకా వాడవచ్చు కానీ మన గ్రౌండ్లకు 9 సరిపోతుంది. సింథటిక్‌కి 6 మి.మీ. పెట్టుకుంటే పట్టు చాలు, లాగడం తక్కువ. మేకులు బిగించే కీ, నాలుగు అదనపు మేకులు బ్యాగులో ఉంచండి. నెలకోసారి విప్పి మేకు మరలకు చుక్క నూనె రాయకపోతే మట్టి, చెమట చేరి తుప్పు పట్టి విరిగేదాకా రావు.

మందాన్ని స్కేలుతో బయటి నుంచి కొలిస్తే తప్పు వస్తుంది. సోల్ పక్క గోడలు పైకి లేచి ఉంటాయి, పాదం లోపలికి దిగి కూర్చుంటుంది. అధికారిక కొలత షూ లోపల మడమ మధ్యన, ముందుపాదం మధ్యన తీస్తారు. ప్రపంచ అథ్లెటిక్స్ అనుమతించిన షూల జాబితా వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మోడల్ పేరు, వెర్షన్ నంబరు రెండూ సరిచూసుకోండి. ప్లేటు లేని ట్రైనింగ్ షూ అయినా హద్దు దాటవచ్చు. అసిక్స్ సూపర్‌బ్లాస్ట్ అలాంటిదే.

ఇదంతా కాగితం మీది మాట అనుకోకండి. 2021 వియన్నా మారథాన్‌లో డెరారా హురీసా మొదట గీత దాటాడు. షూ సోల్ 5 సెంటీమీటర్లు ఉందని తేలి గెలుపు పోయింది. శిక్షణ జత తొడుక్కుని రేసుకు రావడం వల్ల ఒక మారథాన్ పోయింది.

ఏ వయసులో కొనిపెట్టాలి?

మా అభిప్రాయం: పదహారు లోపు వద్దు. పాదం ఏడాదికి ఒకటి రెండు సైజులు పెరిగే వయసులో ఇరవై వేలు పెట్టడం ఒక నష్టం. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. ఆ వయసులో పాదం చిన్న కండరాలు, పిక్కలు, చీలమండ బలపడాలి. వాటి పనిలో కొంత షూ చేసిపెడితే అవి నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. పది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య మడమ ఎముక పెరిగే చోట నొప్పి చాలామందికి వస్తుంది. దానికి విశ్రాంతి, మామూలు మెత్తటి షూ కావాలి.

పదిహేడు దాటి, రెండేళ్ళు నిలకడగా శిక్షణ చేసి, జిల్లా ఫైనల్స్ స్థాయిలో ఉంటే రేసు కోసం ఒక జత కొనడంలో తప్పులేదు.

గాయాలు అవుతాయా?

అందరికీ కావు. అయితే కార్బన్ ప్లేట్ షూ వాడిన ఐదుగురు రన్నర్లలో పాదం లోపలి వైపు, చీలమండకు కాస్త ముందు ఉండే నావిక్యులర్ ఎముకలో ఒత్తిడి పగుళ్ళు వచ్చిన సంగతిని 2023లో వైద్యులు నమోదు చేశారు. ఐదు కేసులతో షూయే కారణమని తేల్చలేం. ఆ ఎముకకు రక్తప్రసరణ తక్కువ, మానడం ఆలస్యం, అందుకే జాగ్రత్త. పాదం పైభాగంలో ఒక చోట వేలితో నొక్కితే చురుక్కుమంటే, పరుగు ఆపాక కూడా సలుపుతుంటే ఆ రోజే ఆపి ఎముకల డాక్టరును కలవండి. ఇది మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. నొప్పి తగ్గకపోతే ఎమ్మారై గురించి అడగండి.

కొత్త జతను రేసు రోజే మొదటిసారి తొడగకండి. మొదటి వారం 100 మీటర్ల పరుగులు ఐదారు, అంతే. రెండో వారం ఒకసారి రెండు కిలోమీటర్లు. మూడో వారం ఒకసారి నాలుగు, ఐదు కిలోమీటర్ల టెంపో, అంటే కాస్త వేగంగా, నిలకడగా పరుగు. నాలుగో వారం రేసు. ఎప్పుడూ వారానికి ఒక్కసారే, మిగిలిన రోజులు పాత షూ. మొదట్లో పిక్కలు, మడమ వెనక నరం పట్టేస్తే ఒక వారం వెనక్కి వెళ్ళండి.

మా స్కూలు గ్రౌండ్ మట్టిది. ఇక్కడ వేసుకోవచ్చా?

వేసుకోకండి. సున్నంతో గీసిన 200 మీటర్ల ట్రాక్‌లో మలుపులు ఇరుకు. 40 మి.మీ. ఎత్తు మెత్తటి ఫోమ్ మీద ఎడమకు ఒరుగుతూ తిరిగితే చీలమండ మెలితిరుగుతుంది. ప్లేటు ఉన్న ఎత్తు షూ నేరుగా పరుగెత్తే రోడ్డు కోసం తయారైంది. గుంటూరు వైపు నల్లరేగడి నేలలో చినుకు పడితే చాలు, మట్టి సోల్‌కి అంటుకుని ఒక్కో కాలికి బోలెడు బరువు ఎక్కుతుంది. ఫోమ్ వల్ల వచ్చిన లాభమంతా అక్కడే పోతుంది. కాలువ గట్ల మీద కంకర బయటికి కనిపించే ఫోమ్‌ను కోసేస్తుంది. ఇలాంటి చోట మామూలు స్పైక్స్, లేదా గట్టి రబ్బరు సోల్ ఉన్న తేలిక షూ మేలు.

కానిస్టేబుల్, అగ్నివీర్ పరుగుకి కొనాలా?

వద్దు. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ సెలక్షన్‌లో మగవాళ్ళకు 1600 మీటర్లు 8 నిమిషాలు, అంటే గంటకు 12 కిలోమీటర్లు. ఆ వేగంలో సూపర్ షూ ఇచ్చేది మహా అయితే ఐదారు సెకన్లు. ఎనిమిది వారాలు వారానికి నాలుగు రోజులు పరుగెత్తితే కొత్తవాడికి నిమిషం దాకా తగ్గుతుంది. అగ్నివీర్‌లో పూర్తి మార్కులకు 1.6 కిలోమీటర్లు 5:30 లోపు. అక్కడ వేగం ఎక్కువ కాబట్టి షూ కాస్త ఎక్కువ ఇస్తుంది కానీ 5:50 వాడిని 5:30కి తేదు. తేలికైన మామూలు షూ 220, 240 గ్రాములది మూడు వేల లోపు దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో రోజూ గుడ్లు, పాలు, పల్లీలు తినండి. షూ విషయంలో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఏం రాశారో చదివి వెళ్ళండి.

నకిలీని ఎలా గుర్తించాలి?

"ఫస్ట్ కాపీ" పేరుతో మూడు, నాలుగు వేలకు వచ్చేవి బయటికి అచ్చం అలాగే ఉంటాయి. కిరాణా కొట్టు కాటా మీద పెట్టండి. 8, 9 సైజు అసలు సూపర్ షూ ఒక్కోటి సాధారణంగా 190 నుంచి 230 గ్రాములు. 260 దాటితే అనుమానించండి. రెండు చేతులతో ముందుభాగాన్ని వంచండి: ప్లేటు ఉంటే గట్టిగా ఎదురు తిరుగుతుంది. బొటనవేలితో మిడ్‌సోల్ నొక్కండి, అసలుది మెత్తగా దిగి వెంటనే లేస్తుంది. సాయంత్రం పూట కొనండి, మన ఎండకు పాదం అప్పటికి ఉబ్బి ఉంటుంది. ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ మాత్రం జారకూడదు.

ఎన్నాళ్ళు వస్తుంది? మే నెల ఎండకు పాడవుతుందా?

పెబా ఫోమ్ 450 కిలోమీటర్లు తిరిగాక మామూలు ఈవీఏ మీద దానికున్న పైచేయి దాదాపు పోయిందని ఒక అధ్యయనంలో తేలింది. అందుకే రేసులకు, వారానికొక ముఖ్యమైన పరుగుకే వాడితే రెండేళ్ళు వస్తుంది. రోజూ తొడిగితే మూడు నెలలే. సోల్ పక్కన అడ్డ గీతలు శాశ్వతంగా ఉండిపోతే రేసుల నుంచి తీసేయండి. ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో, కారులో వదిలేయకండి. ఆ వేడికి జిగురు వదులుతుంది. వాషింగ్ మెషిన్‌లో వేయకండి, తడిగుడ్డతో తుడిచి నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి.

ఇది డోపింగ్ లాంటిదేగా?

కాదు. డోపింగ్ దాచిపెట్టి చేసేది, ఒళ్ళు పాడుచేసేది, నిషేధించినది. షూ అందరికీ కనిపిస్తుంది, కొలిచి అనుమతించినది. ఈతలో 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో పాలియురేథేన్ సూట్లతో 43 ప్రపంచ రికార్డులు పోయాయి. 2010 జనవరి నుంచి ఆ సూట్లను ఆపేశారు. ఈతగాళ్ళను ఎవరూ దొంగలనలేదు, నియమం మార్చారంతే. పిల్లల ముందు "షూ డోపింగ్" అన్న మాట వాడకండి.

స్కూలు బోర్డు మీద రికార్డు ఎలా రాయాలి?

టైమింగ్ ఒక్కటే రాయకండి. తేదీ, గ్రౌండ్ పేరు, మట్టా సింథటికా, చేతి స్టాప్‌వాచీనా ఎలక్ట్రానిక్ టైమింగా, షూ రకం, ఇన్ని రాయండి. షూకి మూడు గుర్తులు చాలు: ఒట్టికాళ్ళు, మామూలు షూ లేదా స్పైక్స్, సూపర్ షూ లేదా సూపర్ స్పైక్స్. పాత రికార్డును చెరిపేయకుండా కొత్తదాన్ని దాని కిందే రాయండి. పాత రికార్డు మనిషి ఊళ్ళోనే ఉంటే అప్పుడు ఏం వేసుకుని పరుగెత్తారో, ఎన్ని గంటలకు ఎండలో పరుగెత్తారో అడిగి అదీ చేర్చండి. శిక్షణ పుస్తకంలో పిల్లలు కూడా ఇదే పద్ధతిలో రాసుకోవాలి, ఆ జత అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఒక గడి అదనంగా ఉంచుకుని. ఏడాదికి రెండుసార్లు, సీజన్ మొదట్లో, చివర్లో, పాత మామూలు షూతోనే అదే గ్రౌండ్‌లో ఒక టైమ్ ట్రయల్ పెట్టండి. మధ్యలో ఎన్ని జతలు మారినా ఆ రెండు అంకెల్లో షూ తేడా ఉండదు.